ఇంటర్ పూర్తి చేయకుండానే కాలిఫోర్నియాలో కాలేజీలో చేరాను: నా అనుభవం

మా చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "ఇంటర్ పాస్ కాకుండా ఇక్కడ కాలేజీలో ఎలా తీసుకుంటారండీ?" చెప్పినవాళ్ళందరూ బాగా చదువుకున్నవాళ్ళే. ఎంఎస్ చేయడానికి వచ్చినవాళ్ళు, హెచ్‌1 మీద వచ్చినవాళ్ళు. రెండేళ్ళ డిగ్రీలు, సర్టిఫికెట్లు ఇచ్చే కమ్యూనిటీ కాలేజీ గడప తొక్కాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు, కాబట్టి అక్కడి సంగతులు తెలియకపోవడంలో తప్పేమీ లేదు. తెలియదని ఒప్పుకోకుండా కుదరదని తేల్చేయడమే నాకు ఒళ్ళు మండించింది.

అసలు సంగతి ఇది. కాలిఫోర్నియాలో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలు 116 ఉన్నాయి. చేరేవాళ్ళకు హైస్కూల్ డిప్లొమా ఉండాలి, లేదా పద్దెనిమిదేళ్ళు నిండి, ఆ చదువుతో ప్రయోజనం పొందగలిగే స్థితిలో ఉండాలి. ఇది ఏదో ఒక కాలేజీ దయతలచి పెట్టుకున్న నియమం కాదు, రాష్ట్ర చట్టంలోనే ఉంది. నేను చేరింది ఆ రెండో దారిలో.

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసై ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీఈసీ తీసుకున్నాను. ఫస్టియర్ పరీక్షలకు ముందే పెళ్ళి కుదిరింది. తర్వాత రాద్దాంలే అనుకున్న పరీక్షలు అలాగే ఉండిపోయాయి. మావారి అక్క చాలా ఏళ్ళ కిందట పెట్టిన పిటిషన్ మీద మాకు గ్రీన్ కార్డులు వచ్చేసరికి నాకు నలభై దాటింది. తోబుట్టువుల కోటాలో ఎదురుచూపు ఎంత ఉంటుందో అందులో ఉన్నవాళ్ళకే తెలుసు. వచ్చాక మావారు గ్యాస్ స్టేషన్‌లో, నేను ఇండియన్ గ్రోసరీ షాపులో చేరాం. కరివేపాకు ప్యాకెట్లు కట్టడం, బెండకాయల్లో ముదురువి ఏరెయ్యడం, రద్దీగా ఉంటే బిల్లింగ్‌లో నిలబడడం నా పని.

ఆ షాపుకు ఒక పంజాబీ ఆవిడ వచ్చేది, చిన్న ప్రీస్కూల్ నడుపుతుంది. ఒకరోజు పిల్లల గురించి మాటల్లో పడి, "ఎర్లీ చైల్డ్‌హుడ్ కోర్సులు చేస్తే నా దగ్గర టీచర్‌గా పెట్టుకుంటాను" అంది. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం ప్రైవేట్ ప్రీస్కూల్ టీచర్‌కు ఈ సబ్జెక్టులో 12 యూనిట్లు ఉండాలి. 6 యూనిట్లు పూర్తయ్యాక పనిలోకి తీసుకోవచ్చు, మిగతావి పని చేస్తూనే ప్రతి సెమిస్టర్‌కీ కొంచెం కొంచెంగా పూర్తి చేయాలి. ఒక్కో కోర్సు సాధారణంగా 3 యూనిట్లు. అంటే నాలుగు కోర్సులు. బే ఏరియాలో మనవాళ్ళు ఎంతోమంది ఈ దారిలోనే టీచర్లయ్యారు, కానీ వాళ్ళందరికీ డిగ్రీలున్నాయి. నాకున్నది పదో తరగతి మెమో ఒక్కటే.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే కబురు జగిత్యాల దాకా వెళ్ళింది. మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, హైదరాబాద్‌లో ఒకాయన ఉన్నాడు. నెల తిరిగేలోగా ఇంటర్ మెమో చేతిలో పెడతాడట. ఏదో బోర్డు పేరుంటుంది, అమెరికాలో ఎవడు చూడొచ్చాడు?"

"ఎంతంటాడు?"

"ముప్పై వేలు. నేను కడతాలే."

వాడిది మంచి మనసే. కానీ గ్రీన్ కార్డు మీదున్నవాళ్ళం, రేపు సిటిజన్‌షిప్‌కి వెళ్ళాలి. దొంగ కాగితం ఒక్కటి చాలు కొంప ముంచడానికి. నిజంగా రాసి పాసవుదామంటే ఓపెన్ స్కూల్ ఉంది, అయితే పరీక్షలకు అక్కడికి వెళ్ళాలి. నా ఒక్కదాని టికెట్ ఖర్చుకి ఇక్కడ ఒక సెమిస్టర్ ఫీజు కట్టొచ్చు. వద్దురా అన్నాను. తీరా చూస్తే ఆ మెమో అవసరమే లేదు.

ఆ సంగతి చెప్పింది మా ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ నేర్పే) క్లాసులో నా పక్కన కూర్చునే మెక్సికో ఆవిడ. వచ్చిన కొత్తలోనే నేను ఊళ్ళోని అడల్ట్ స్కూల్లో సాయంత్రం ఇంగ్లిష్ క్లాసులకు వెళ్ళడం మొదలుపెట్టాను, ఫీజు లేదు. ఆవిడ ఆరో తరగతితో ఆపేసిందట. పొద్దున కాలేజీలో అకౌంటింగ్, సాయంత్రం ఇక్కడ ఇంగ్లిష్. "నిన్ను ఎలా చేర్చుకున్నారు?" అని అడిగితే నా వంక వింతగా చూసి, "అప్లికేషన్ పెట్టాను" అంది. అంతే. అన్ని డిగ్రీలున్నవాళ్ళు చెప్పలేని మాట ఆవిడ చెప్పింది.

మన దగ్గరా ఇలాంటిది లేకపోలేదు. 1982లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీలో, ఇప్పుడు అంబేద్కర్ పేరున్నదానిలో, ఒకప్పుడు ఇంటర్ లేనివాళ్ళు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేవాళ్ళు. మా బావ ఒకాయన అలాగే బీఏ చేసి పంచాయతీ ఆఫీసులో కుదురుకున్నాడు. ఇక్కడ ఆ అర్హత పరీక్ష కూడా లేదు.

ఇక అప్లికేషన్. కాలేజీ వెబ్‌సైట్‌లో అప్లై నొక్కితే అన్ని కాలేజీలకూ ఉమ్మడిగా ఉన్న సీసీసీ అప్లై అనే చోటికి తీసుకెళ్తుంది. డబ్బు అడగరు. ఎక్కడైనా అప్లికేషన్‌కు డబ్బు అడిగితే అది అసలైనది కాదని అర్థం. దొంగ పేర్లతో చేరి ఆర్థిక సాయం కొట్టేసే ముఠాలు ఎక్కువైనందువల్ల ఈ మధ్య గుర్తింపు తనిఖీ కూడా పెట్టారు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అప్లికేషన్‌లోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అనే మన పాత గొడవ ఇక్కడే తేల్చుకోవాలి, లేకపోతే ఒక్కో కాగితంలో ఒక్కో మనిషవుతాం.

హైస్కూల్ గురించిన ప్రశ్న దగ్గర ఒక జాబితా తెరుచుకుంటుంది. అమెరికా హైస్కూల్ డిప్లొమా ఉందా, జీఈడీలాంటి సమాన పరీక్ష పాసయ్యారా, విదేశంలో సెకండరీ స్కూల్ పూర్తి చేశారా, ప్రస్తుతం అడల్ట్ స్కూల్లో ఉన్నారా, హైస్కూల్ పూర్తి చేయలేదు, ఇప్పుడు చదవడమూ లేదా. మా పెద్దాడు పక్కనే కూర్చుని, "అమ్మా, టెన్త్ పాసయ్యావుగా, విదేశంలో పూర్తి చేశానని పెట్టెయ్" అన్నాడు. వాడి తర్కం బాగానే ఉంది, ఎందుకంటే మన ఊళ్ళో హైస్కూల్ పదో తరగతితో అయిపోతుంది. ఇక్కడ పన్నెండు దాకా ఉంటుంది, ఇంటర్ రెండేళ్ళూ పాసయితేనే మన చదువు దానికి సరితూగుతుంది. డిప్లొమా లేదు, అడల్ట్ స్కూల్లో చదువుతున్నాను అన్నదే పెట్టాను. అప్లికేషన్ ఎర్రగా మారలేదు, ఆగిపోలేదు, తర్వాతి పేజీకి వెళ్ళింది. కొద్ది రోజుల్లో స్టూడెంట్ నంబర్‌తో మెయిల్ వచ్చింది.

తిప్పలు పెట్టింది డిప్లొమా కాదు, రెసిడెన్సీ. కాలిఫోర్నియా నివాసిగా లెక్కించాలంటే టర్మ్ మొదలయ్యే ముందు రోజుకి ఇక్కడ ఏడాది పైన ఒక రోజు ఉండి ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపాలి. నివాసి అయితే యూనిట్‌కు 46 డాలర్లు. 2012 నుంచీ అదే రేటు. నివాసి కాకపోతే దానిమీద యూనిట్‌కు వందల డాలర్లు అదనం. మా వదిన ముందే, "కాగితాలు జాగ్రత్త చేసుకో అమ్మాయ్, ఇక్కడ అంతా తేదీల మీద నడుస్తుంది" అని చెప్పి ఉండడం కలిసొచ్చింది. డ్రైవర్ లైసెన్స్, రాష్ట్ర పన్నుల రిటర్ను, ఇంటి అద్దె ఒప్పందం అప్‌లోడ్ చేశాను. అద్దె ఒప్పందంలో మావారి పేరొక్కటే ఉందని తిప్పి పంపారు. అపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్ళి నా పేరు చేర్పించుకుని మళ్ళీ పంపేదాకా మనసు మనసులో లేదు. మీ ఇంట్లో అద్దె, కరెంటు, బ్యాంకు అన్నీ ఒక్కరి పేరు మీదే ఉంటే ఇప్పుడే రెండో పేరు చేర్పించండి. చదువుకోవాలనుకునేది ఆ రెండో మనిషే కావచ్చు.

మా పైఫ్లోర్‌లో హెచ్‌4 వీసా (హెచ్‌1 వాళ్ళ జీవిత భాగస్వాములకిచ్చేది) మీదున్న అమ్మాయి నన్ను చూసి తనూ కనుక్కుంది. హెచ్‌4 వాళ్ళు ఇక్కడ చదువుకోవచ్చు, ఏడాది ఒక రోజు లెక్క తేలితే కాలిఫోర్నియా నివాసి ఫీజూ వర్తిస్తుంది. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్ళ సంగతి పూర్తిగా వేరు, వాళ్ళను చూసుకునే ఆఫీసే వేరు.

ప్లేస్‌మెంట్ పరీక్ష, అంటే ఏ స్థాయి క్లాసులో కూర్చోవాలో తేల్చే పరీక్ష, ఉంటుందేమోనని భయపడ్డాను. లెక్కలంటే నాకు ఇప్పటికీ గుండె దడ. ఆ పరీక్షలు పోయాయట. 2017లో వచ్చిన ఏబీ 705 అనే చట్టం తర్వాత, పరీక్ష పెట్టి పిల్లలను కింది స్థాయి క్లాసుల్లోకి తోసే పద్ధతి మానేశారు. హైస్కూల్ మార్కులుంటే వాటిని బట్టి, నాలాంటివాళ్ళకు స్వయంగా ఎంచుకునే ప్రశ్నావళిని బట్టి స్థాయి తేలుస్తారు. ఒక పేరా చదివించి, ఇలాంటివి ఎంత తేలిగ్గా చదవగలరు, ఇలాంటి వ్యాసం రాయగలరా అని అడుగుతుంది. నిజం చెప్తే మనకే మంచిది. నేను ఈఎస్ఎల్‌లో పై స్థాయి రాత క్లాసు ఎంచుకున్నాను.

తర్వాత కౌన్సెలర్. ఓరియెంటేషన్, ప్లేస్‌మెంట్, చదువు ప్రణాళిక మూడూ పూర్తి చేసినవాళ్ళకు రిజిస్ట్రేషన్ ముందు తేదీల్లో ఇస్తారు, అందుకని కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేయకూడదు. ఆవిడ వియత్నాం నుంచి చిన్నప్పుడే వచ్చిన మనిషి. నా ఫైలు చూసి ముందు ఏమీ అనలేదు. నేనే ఆగలేక, "నాకు డిప్లొమా లేదు" అన్నాను. "కనిపిస్తోంది. పిల్లల కోర్సులు చేయాలని ఉందా, డిగ్రీ దాకా వెళ్ళాలని ఉందా?" అని అడిగింది. డిగ్రీ అన్న మాట ఎవరైనా నాతో అని ఇరవై ఏళ్ళు దాటింది.

ఆవిడ రెండు విషయాలు విడమరిచి చెప్పింది. ఒకటి, కోర్సుల పక్కన రాసుండే షరతులు రెండు రకాలు. ముందు ఫలానా కోర్సు తప్పనిసరి అని ఉంటే అది పూర్తి చేయకుండా రానివ్వరు. సలహా అని ఉంటే అది సలహానే, చేరొచ్చు. పిల్లల ఎదుగుదల కోర్సుకు మా కాలేజీలో ఇంగ్లిష్ స్థాయి సలహా మాత్రమే. ఆ ఒక్క ముక్క తెలియక ఎంతమంది వెనక్కి తగ్గి ఉంటారో. రెండోది డబ్బు గురించి, అది కాస్త పెద్ద కథ.

చేరడానికి డిప్లొమా అడగరు. డబ్బు దగ్గర అడుగుతారు. మా ఇంట్లో ఇద్దరి జీతం కలిపినా ఇక్కడి లెక్కలో తక్కువ ఆదాయమే. ఫైనాన్షియల్ ఎయిడ్ కిటికీ దగ్గరున్న కుర్రాడు నా కాగితం చూడగానే, "డిప్లొమా లేదు కాబట్టి ఏమీ రాదు" అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. కౌన్సెలర్‌కి చెబితే అలా కాదని వివరించింది. రాష్ట్రం ఇచ్చేది వేరు, కేంద్రం ఇచ్చేది వేరు. రాష్ట్రానిది కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్. అది చేతికొచ్చే డబ్బు కాదు, ఆ 46 డాలర్ల ఫీజు మాఫీ. దానికి నివాసి అయి ఉండాలి, ఆదాయం తక్కువ ఉండాలి, డిప్లొమా ప్రసక్తి లేదు. నాకు అది వచ్చింది. హెల్త్ ఫీజు, విద్యార్థి సంఘం 2 డాలర్లు లాంటివి చిల్లరగా మిగిలాయి.

కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంట్ ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు. దానికి ఫ్యాఫ్సా అనే దరఖాస్తు నింపాలి, డిప్లొమా గానీ జీఈడీలాంటి సమానమైనది గానీ కావాలి. లేనివాళ్ళకు ఎబిలిటీ టు బెనిఫిట్ అని ఒక పక్కదారి ఉంది. 2012 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్ళకు దాన్ని మూసేసి, 2014 చివర్లో షరతులతో మళ్ళీ తెరిచారు. ఆమోదించిన కెరీర్ పాత్‌వేలో ఉండాలి, అంటే కాలేజీ కోర్సుతోపాటు హైస్కూల్ సమాన సర్టిఫికెట్ కోసం కూడా చదువుతూ ఉండాలి. దానికి తోడు ఆమోదం ఉన్న పరీక్ష పాసవ్వాలి, లేదా డిగ్రీకి పనికొచ్చే 6 క్రెడిట్లు (యూనిట్లు) ముందు సొంతంగా పూర్తి చేసి చూపాలి. 12 యూనిట్ల చిన్న సర్టిఫికెట్‌కు మాత్రం సాధారణంగా ఫెడరల్ సాయం అందదు, అందుకని అసోసియేట్ డిగ్రీలో నమోదు చేసుకోమంది. 60 యూనిట్ల డిగ్రీ. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి మావారికి చెబితే, "ముందు ఆరు చెయ్, అరవై సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన లెక్క ఎప్పుడూ అంతే.

మొదటి సెమిస్టర్‌లో పిల్లల ఎదుగుదల, ఈఎస్ఎల్ రాత తీసుకున్నాను. రెండో సెమిస్టర్‌లో బిడ్డ, కుటుంబం, సమాజం అనే కోర్సు. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉండేవే. కోర్సుల జాబితాలో పుస్తకాల ఖర్చు లేదని గుర్తు ఉంటుంది, అది చూసి సెక్షన్ ఎంచుకోవాలి. చదవాల్సిన పేజీలు మాత్రం కుప్పలు. షాపులో మధ్యాహ్నం జనం పలచగా ఉన్నప్పుడు ఫోన్లో చదివేదాన్ని.

అన్నిటికన్నా నాకు నచ్చింది పరిశీలన వ్యాసం. ఒక ప్రీస్కూల్లో కూర్చుని ఒకే బిడ్డను అరగంట చూసి, చూసింది చూసినట్టు రాయాలి. "అల్లరి పిల్లాడు" అని రాయకూడదు, అది మన అభిప్రాయం. "ఎర్ర చెంచా తీసుకుని బల్లను కొట్టాడు, టీచర్ వైపు చూశాడు, మళ్ళీ కొట్టాడు" అని రాయాలి. "కోపమొచ్చింది" అనకూడదు, "పిడికిలి బిగించి పెదవి కొరికాడు" అనాలి. నేను చూసిన పాప ఆ అరగంటలో ఎక్కువసేపు ఒక ప్లాస్టిక్ డబ్బాకు మూత పెట్టే ప్రయత్నంలోనే ఉంది. మూత తిరగేసి పెట్టింది, నోటితో పట్టుకుంది, చివరికి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో నొక్కింది. ఇద్దరు పిల్లల్ని పెంచాను గానీ ఒక మూత కోసం ఇంత కష్టముంటుందని ఎప్పుడూ గమనించలేదు. ఆ వ్యాసానికి 'ఏ' గ్రేడ్ వచ్చింది. ఇంగ్లిష్‌లో తప్పులకు మార్కులు పోయాయి, చూపుకు వచ్చాయి.

క్లాసులో నా వయసువాళ్ళు కొంతమంది ఉన్నారు. డిప్లొమా ఉందా లేదా అని ఒకరినొకరు అడగరు, ప్రొఫెసర్లకూ తెలియదు. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన సంగతుల్లో అదొకటి.

దీన్ని చదివి వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు తొందరపడొద్దు. అన్నిచోట్లా ఇలా లేదు. న్యూయార్క్ నగరంలోని సిటీ యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీల్లో డిగ్రీకి చేరాలంటే డిప్లొమాగానీ సమానమైనదిగానీ అడుగుతారు. అదే రాష్ట్రంలో వేరే దారిలో 24 కాలేజీ క్రెడిట్లు పూర్తి చేసినవాళ్ళకు హైస్కూల్ సమాన డిప్లొమా ఇచ్చే పద్ధతీ ఉంది. కాలిఫోర్నియాలో కూడా పద్దెనిమిది నిండని పిల్లలకు నియమాలు వేరు, వాళ్ళకు స్కూలు, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. ఇంకొకటి, కాలేజీలో చేరినంత మాత్రాన అందులోని ప్రతి కోర్సూ అందుబాటులో ఉన్నట్టు కాదు. ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) నర్సింగ్‌కు హైస్కూల్ డిప్లొమా లేదా సమానమైనది ఉండాల్సిందే. మనవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు నర్సింగ్ అనుకునే వస్తారు, వాళ్ళు ముందు జీఈడీయో, అలాంటిదే హైసెట్ అనే పరీక్షో పూర్తి చేసుకోవడం మంచిది.

నేనూ అదే పనిలో ఉన్నాను, పాత్‌వే షరతు కోసం కూడా. జీఈడీలో నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 200కు 145 రావాలి. అడల్ట్ స్కూల్లో దానికి ఉచితంగా తయారు చేస్తారు. సోషల్, ఇంగ్లిష్ అయిపోయాయి. సైన్స్ అంటే గ్రాఫులు చదవడమే కాబట్టి భయం లేదు. లెక్కల దగ్గర మా చిన్నాడు ట్యూషన్ మాస్టారు. "అమ్మా, ఎక్స్ అంటే భయపడకు, అది కూరగాయల బరువు అనుకో" అంటాడు. తూకం నాకు కొత్త కాదు కదా, ఆ మాటతో కొంచెం దారికొచ్చింది.

6 యూనిట్లు పూర్తయ్యాయి కాబట్టి ఫ్యాఫ్సా మళ్ళీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్ళింది. ఈసారి కిటికీ దగ్గరికి కాదు, అపాయింట్‌మెంట్ తీసుకుని లోపలి మనిషి దగ్గరికి వెళ్ళాను. నా ఫైలు పాత్‌వే కింద పరిశీలిస్తున్నామన్నారు, ఇంకా జవాబు రాలేదు. ఆ పంజాబీ ఆవిడ మాట తప్పలేదు. వేలిముద్రల లైవ్ స్కాన్, టీబీ పరీక్ష, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల కాగితాలు తెచ్చుకోమంది. చిన్నప్పటి టీకాల రికార్డు మన దగ్గర ఎక్కడుంటుంది, మీజిల్స్‌కైతే రక్తపరీక్షతో నిరూపించుకోవడమో, లేదంటే టీకాలు మళ్ళీ వేయించుకోవడమో చేయాలి. వచ్చే సెమిస్టర్‌కు పాఠ్యప్రణాళిక కోర్సు కావాలి గానీ సాయంత్రం సెక్షన్ నిండిపోయింది. వెయిట్‌లిస్టులో మూడో నంబర్‌లో ఉన్నాను. అది దొరక్కపోతే పొద్దున సెక్షన్ ఖాళీగానే ఉంది, షాపు అన్నతో మాట్లాడి షిఫ్ట్ మార్పించుకోవాలి.